అర్హత అడగని బల్ల

వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో ఆదివారం పొద్దున ఏ చర్చి ముందు నుంచి వెళ్లినా మైకులో తప్పక వినపడే మాటలు మూడు: రక్షణ, కృప, విశ్వాసం. ఫాతిమానగర్ కథోలిక దేవాలయం, హనుమకొండ బాప్టిస్టు సంఘం, డోర్నకల్‌లోని సి.ఎస్.ఐ. కతీడ్రల్, కరుణాపురంలో 2023లో తెరిచిన భారీ మందిరం, రేకుల షెడ్డులో నడిచే చిన్న పెంతెకొస్తు సహవాసం. వీటి ఆరాధనల తీరు ఒకదానితో ఒకటి పోలదు. అన్నిచోట్లా చెప్పేది మాత్రం ఒకటే. మనిషి తన పుణ్యంతో దేవుణ్ని చేరలేడు, దేవుడే యేసుక్రీస్తుగా మనిషి దగ్గరికి వచ్చాడు, ఆ వచ్చినవాణ్ని నమ్మడమే మనిషి వంతు. బయటినుంచి చూసేవారికి ఇది మరీ తేలిక దారిలా కనిపిస్తుంది. లోపలున్నవారిలో చాలామందికి ఇది చనిపోయాక పనికొచ్చే హామీ. ఇద్దరూ ఈ సిద్ధాంతం పుట్టిన సందర్భాన్ని వదిలేస్తున్నారని నా అభిప్రాయం. ఇది ఒక భోజనం దగ్గర, ఎవరి పక్కన ఎవరు కూర్చుని తినాలన్న తగాదాలో బయటపడింది. ఆ తగాదా అర్థమైతేనే ఓరుగల్లు నేల మీద ఈ నమ్మకం ఎందుకు వేళ్లూనిందో, ఇక్కడి సంఘాల్లో ఇంకా ఎక్కడ నెరవేరలేదో తెలుస్తుంది.

ముందు సిద్ధాంతం సంగతి చూద్దాం. క్రైస్తవంలో పాపం తప్పుల జాబితాతో అయిపోదు. అబద్ధం, దొంగతనం, వ్యభిచారం దాని కాయలు. వేరు ఇంకా లోపల ఉంది: తననే కేంద్రం చేసుకుని, సృష్టించినవాడికీ పక్కవాడికీ వెన్ను చూపే స్వభావంలో. మంచి పనులతో దీన్ని సరిచేసుకోలేమని చెప్పడానికి కారణం అదే. చేసిన మంచి పనిలోకి కూడా ఆ 'నేను' చొరబడుతుంది. దానం చేసినవాడి కన్ను శిలాఫలకం మీద పేరు కోసం వెతుకుతుంది. కర్మ సిద్ధాంతం గాలిలో పెరిగిన మనకు ఇక్కడిదాకా కొత్తేమీ లేదు. చేసిన దానికి ఫలితం ఉంటుందనే దగ్గర ఇద్దరికీ పేచీ లేదు. ఎవరి ఖాతా వారే తీర్చుకోవాలని కర్మ చెబితే, ఆ ఖాతా తీర్చగలిగేవాడు మనుషుల్లో లేడు కాబట్టి దేవుడే దాన్ని తన మీద వేసుకున్నాడని క్రైస్తవం చెబుతుంది. యేసు సిలువ మరణానికి వాళ్లిచ్చే అర్థం ఇది.

దీనికి వెంటనే వచ్చే ఆక్షేపణ బలమైనదే. ఒకడు చేసిన తప్పుకు ఇంకొకడు శిక్ష అనుభవిస్తే అందులో న్యాయమేముంది? నిర్దోషి అయిన మూడో మనిషిని లాక్కొచ్చి కొట్టడమే అయితే ఇది అన్యాయమే, అలా ప్రసంగించే బోధకులు లేకపోలేదు. క్రైస్తవ సిద్ధాంతం చెప్పేది మూడో మనిషి కథ కాదు. ఎవరికి అపచారం జరిగిందో ఆయనే నష్టం భరించాడన్నది అందులో ముఖ్యం. బాకీ మాఫీ చేసినప్పుడు డబ్బు గాలిలో మాయమైపోదు, అప్పిచ్చినవాడు దాన్ని పోగొట్టుకుంటాడు. క్షమాపణ ఎప్పుడూ క్షమించేవాడికే ఖర్చు. ఆ ఖర్చును ఎలా వివరించాలన్న దానిపై సంఘాలన్నీ ఒక మాట మీద లేవు. తొలి శతాబ్దాల పెద్దలు దాన్ని మరణం మీద గెలుపుగా, బందీల విడుదలగా చెప్పారు. పదకొండో శతాబ్దంలో వేదాంతి ఆన్సెల్మ్ దొర-రైతు కాలపు గౌరవ మర్యాదల భాషలో చెప్పాడు. తర్వాతివారు కోర్టు భాష వాడారు. తెలుగు ప్రసంగాల్లో ఎక్కువగా వినిపించేది ఆ కోర్టు భాషే, దాంతో కృప ఒక తీర్పు కాగితంలా మిగిలిపోయే ప్రమాదమూ ఉంది.

ఇక మొదట చెప్పిన భోజనం తగాదా, అంటే అంతియొకయ పట్నం సంగతి. అది అపొస్తలుడు పౌలు గలతీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో ఉంటుంది. క్రీస్తు తర్వాత ఇరవై ఏళ్లు గడిచాయో లేదో, ఆ పట్నంలో యూదులూ యూదేతరులూ కలిసి తినే సంఘం ఒకటి ఏర్పడింది. యూదుల ఆచారం ప్రకారం అది మామూలు విషయం కాదు. యేసు శిష్యుడు పేతురు అక్కడికి వచ్చి అందరితో కలిసి భోంచేశాడు. యెరూషలేము నుంచి ఆచారపరులు కొందరు రాగానే వెనక్కి తగ్గి వేరే కూర్చున్నాడు. ఆయన్ని చూసి పౌలు తోటి పనివాడు బర్నబా కూడా అదే పని చేశాడు. పౌలు అందరి ముందూ పేతురును నిలదీశాడు. ధర్మశాస్త్రాన్ని పాటించడం వల్ల ఎవరూ నీతిమంతులు కారని, క్రీస్తు మీద విశ్వాసం వల్లే అవుతారని ఆ పత్రికలో ఆయన మొదటిసారి వాదించేది సరిగ్గా ఈ సంఘటన చెప్పిన వెంటనే. వాదన తీరు సూటిగా ఉంటుంది: దేవుడు ఇద్దరినీ ఏ అర్హతా అడగకుండా చేర్చుకున్నాడు, మరి ఆయన అడగని అర్హతను పంక్తిలో అడగడానికి నువ్వెవరు? పౌలు దృష్టిలో విడి పంక్తి వేయడం మర్యాదలోపంతో ఆగదు, అది సువార్తనే కాదనడం.

పదిహేను వందల ఏళ్ల తర్వాత జర్మనీలో మార్టిన్ లూథర్ ఇదే పత్రికను చదివినప్పుడు ఆయన ముందున్న ప్రశ్న వేరు. నేనెంత ప్రయత్నించినా దేవుడి ఎదుట నిలబడగలనా అన్న భయం ఆయనది. పాపక్షమ పత్రాలు డబ్బుకు అమ్ముతున్న రోజులు. 1517లో విట్టెన్‌బర్గ్‌లో మొదలైన వాదం విశ్వాసం ద్వారానే రక్షణ అనే సూత్రాన్ని లోకమంతటా తిప్పింది, కానీ దాన్ని ఒంటరి మనిషి మనస్సాక్షి గదిలోకి తీసుకెళ్లింది. స్వీడన్ లూథరన్ పండితుడు క్రిస్టర్ స్టెండాల్ 1963లో ప్రచురించిన వ్యాసంలో ఈ సంగతే ఎత్తి చూపాడు. తన పాపభారంతో కుమిలిపోయే మనస్సాక్షి పాశ్చాత్యుల సమస్య, పౌలు తలకెత్తుకున్నది రెండు జాతుల మనుషులు ఒకే దేవుడి ప్రజగా ఎలా ఉండాలన్న సమస్య అని. ఆ తర్వాత ఇ.పి. శాండర్స్ వంటి పండితులు ఈ దారిని ఇంకా వెడల్పు చేశారు. లూథర్ భయం బూటకమని నేననను, అలాంటి భయంతో నిద్రపట్టనివాళ్లు ఇక్కడా ఉన్నారు. కానీ మన పల్లెల్లో ఈ మాట విన్న తొలి తరం వాళ్లు అందులో పట్టుకున్నది మాత్రం లూథర్ ప్రశ్నను కాదు, పౌలు ప్రశ్నను. స్టెండాల్ రాయడానికి దాదాపు వందేళ్ల ముందే పట్టుకున్నారు.

కృప అనే ఆలోచన మిషనరీలతోనే ఇక్కడికి దిగిందనుకుంటే అది చరిత్రకు అన్యాయం. ఉమ్మడి వరంగల్ జిల్లాలోని పాలకుర్తి పేరు మోసుకున్న సోమనాథుడు పదమూడో శతాబ్దంలో బసవపురాణంలో చెప్పిన కథల్లో మాదర చెన్నయ్యది ఒకటి. రాజు పెట్టే విందు కన్నా చెప్పులు కుట్టేవాడి ఇంటి అంబలి శివుడికి రుచించింది. అక్కడికి కూతవేటు దూరంలోని బమ్మెరకు చెందిన పోతన గజేంద్రమోక్షం తెలుగు ఇళ్లలో ఎవరికి తెలియదు? తన బలమంతా ఉడిగి, ఇక నావల్ల కాదని చేతులెత్తేసిన క్షణంలోనే ఏనుగుకు రక్ష దొరికింది. శ్రీవైష్ణవంలో పిల్లి తన కూనను నోట కరిచి తీసుకెళ్లినట్లు దేవుడే మోస్తాడా, కోతిపిల్లలా మనమూ గట్టిగా పట్టుకోవాలా అన్న చర్చకు శతాబ్దాల వయసుంది. జర్మన్ పండితుడు రుడాల్ఫ్ ఓటో 1930లో ఏకంగా భారతదేశపు కృపామతాన్నీ క్రైస్తవాన్నీ పోల్చి ఒక పుస్తకం రాశాడు. తేడాలున్నాయి. క్రైస్తవులు తమ కృపను పొంతి పిలాతు అనే రోమన్ గవర్నరు కాలంలో జరిగిన ఒక మరణశిక్షకు కట్టేస్తారు, అవతారాల వరుసకు కాదు. అయినా కృప ముందు మనిషి చేతులు ఖాళీ అన్న సంగతి ఈ నేలకు ముందే తెలుసు. తెలిసిన ఆ సంగతి పంక్తిభోజనం దాకా రాలేదు. చెన్నయ్య కథ విని కన్నీళ్లు పెట్టుకున్న ఊరే చెన్నయ్య మనవళ్లను వాడ అవతల ఉంచింది. కులాన్ని కాదని బయల్దేరిన వీరశైవం కూడా కొన్ని తరాల్లో కులాల వరుసలో ఇంకో కులంగా గడ్డకట్టింది.

ఓరుగల్లు ప్రాంతానికి బాప్టిస్టుల కృపావాదం ఒంగోలు మీదుగా వచ్చింది. అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. అదే ఏడు తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ తోళ్ల వర్తకుడు యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. పేరయ్య అంతకుముందు రాజయోగ గురువుల దగ్గర ఉపదేశం తీసుకున్న సాధకుడు. కులాలకు అతీతమైన ఒకే దేవుడి గురించి అక్కడ వినీ, ధ్యానం చేసీ, ఇంకా ఏదో వెలితి మిగిలి వచ్చినవాడు. 1867 జనవరిలో ఆయన ఊళ్లో 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ వార్త పొక్కగానే క్లౌ బడిలో చదివే పైకులాల పిల్లలు మాదిగల్ని చేర్చుకుంటే మేం ఉండమని తేల్చిచెప్పారు. దొరా దొరసానీ ఏం చేయాలో పాలుపోక వేర్వేరు గదుల్లో బైబిలు తెరిచారని, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం కనబడిందని క్లౌ కుటుంబపు కథనం. లోకం నీచంగా చూసేవాళ్లనే దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే భాగం అది. పైకులాల పిల్లలు వెళ్లిపోయారు, మాదిగలు ఉన్నారు. ఆ బైబిలు ముచ్చటలోని అద్భుతాన్ని నమ్మినా నమ్మకపోయినా తేలిన నిర్ణయం కళ్లముందుంది. అంతియొకయలో పేతురు వెనక్కి తగ్గిన చోట వీళ్లు తగ్గలేదు. ఆ మిషనే 1879లో హనుమకొండలో కేంద్రం తెరిచింది.

తిండి కోసం, బట్టల కోసం మతం మారారన్న మాట ఇక్కడ వస్తుంది. నూటయాభై ఏళ్లుగా వస్తోంది. దీనికి జవాబు ఊహల్లో వెతకనక్కర్లేదు. 1876–78 ధాత కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపాడు. ఆ కరువు నెలల్లో బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతున్నా ఇవ్వలేదు, కూటికోసం వచ్చేవాడినీ నమ్మి వచ్చేవాడినీ వేరుచేయడం అప్పుడు సాధ్యం కాదని. సహాయం ఆగిపోయింది, ఇక ఇవ్వడానికేమీ లేదని తెలిసిన తర్వాతే గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర తలుపు తెరిచాడు. 1878 జూలై 3న ఆ ఒక్కరోజే 2,222 మంది నీళ్లలోకి దిగారు. ఇందులో లోకప్రయోజనం ఏమీ లేదనడం అమాయకత్వమే. దొర అండ ఉంటే కరణం, మునసబు కాస్త వెనకాడతారని, పిల్లలకు అక్షరం దొరుకుతుందని వాళ్లకు తెలుసు. ఆ ఆశ విశ్వాసాన్ని అబద్ధం చేస్తుందా అన్నది అసలు ప్రశ్న. మనిషిగా చూడబడాలన్న కోరికను లౌకికమని, చచ్చాక స్వర్గం కావాలన్న కోరికను ఆధ్యాత్మికమని విడదీయడం కడుపు నిండినవాళ్ల వర్గీకరణ. రెండోదానిలోనూ స్వార్థం ఉంది కదా.

డోర్నకల్ చరిత్ర ఈ వాదానికి ఇంకా దగ్గరి సాక్ష్యం. ఈ రైల్వే జంక్షన్ ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది, అప్పుడు నిజాం రాజ్యంలోని వరంగల్ ప్రాంతం. ఇక్కడికి సువార్త పనికి వచ్చింది తెల్లవాళ్లు కాదు, 1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో పెట్టుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ. దాని స్థాపకుల్లో ఒకరైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1909లో డోర్నకల్‌లో కాపురం పెట్టి తెలుగు నేర్చుకున్నాడు. మరుసటి ఏడు ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగం అక్కడి పెద్దల్ని ఇబ్బంది పెట్టింది. మీరు మాకు ఆస్తులిచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, స్నేహం మాత్రం ఇవ్వలేదన్నది దాని సారం. చేయి కలపడం, కుర్చీ వేయడం, భోజనానికి పిలవడం వంటి చిన్న మర్యాదల్లో కనబడే దూరం గురించే ఆయన మాట్లాడాడు. కృపను బోధించేవాడు దాతలా పైనుంచి చేయి చాస్తే, ఆ చేయి తాను చెప్పే మాటనే కొట్టిపారేస్తుంది. పౌలు పేతురుతో అన్నదీ అదే. రెండేళ్లకు, 1912 డిసెంబరు 29న, కలకత్తాలో అజరయ్య ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్‌గా అభిషేకం పొందాడు.

మాలలు, మాదిగలు ఒకరి చేతి నీళ్లు ఒకరు తాగని రోజులవి. ఒకే గిన్నెలోంచి ప్రభు భోజన సంస్కారం తీసుకోవాలంటే ఇద్దరికీ అది ఇబ్బందే. ఊరివాళ్లు వాడవాళ్లను దూరం పెట్టినట్లే వాడలో వాడ ఉంది. అజరయ్య ఈ విషయంలో రాజీ పడలేదు: మాలల గుడి, మాదిగల గుడి వేరువేరుగా కట్టుకుంటామంటే కృప మీద ఇక ప్రసంగం చేయనక్కర్లేదు. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన డోర్నకల్ ఎపిఫనీ కతీడ్రల్‌లో మండపాల స్తంభాలు, మసీదు గుమ్మటాలు, సిలువ కలిసి కనిపించడానికి వెనకున్నదీ ఆ పట్టుదలే. నిజాం ఏలుబడిలోని తెలుగు పల్లెటూరివాడు లోపల అడుగుపెట్టినప్పుడు అది పరాయి దేశపు కట్టడంలా అనిపించకూడదని. 1930ల నడిమికి ఆయన అధ్యక్ష మండలంలో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

గాంధీజీ ఆక్షేపణ ఈ దశలోనే వచ్చింది. 1935లో ఏవలాలో అంబేద్కర్ హిందువుగా చావనని ప్రకటించాక దళితుల మతమార్పిడి దేశమంతా చర్చ అయింది. మరుసటి ఏడు చివర మిషనరీ నాయకుడు జాన్ మాట్‌తో జరిగిన సంభాషణలో, ఆ తర్వాత హరిజన్ పత్రికలో గాంధీజీ చెప్పిన దాని సారాంశం ఏమిటంటే, హరిజనులకు సిద్ధాంతాల మంచిచెడ్డలు తూచే శక్తి లేదు, వాళ్లకు సువార్త చెప్పడం ఆవుకు చెప్పడం లాంటిది. మనసులో కరుణ ఉండవచ్చు గాని మాట మాత్రం దారుణం. విశ్వాసానికి చదువు, వివేకం, వంశం అర్హతలుగా పెట్టడమే అది. రాజయోగం సాధించి, తర్వాత ఇంకో దారి ఎంచుకున్న పేరయ్యకు ఆ మాట వర్తించదు. వర్తించినా, కృప అనే ఆలోచనలో జ్ఞానం అర్హతే కాదు. గాంధీజీ వైపు నిలబడి ఒకటి ఒప్పుకోవాలి: తలల లెక్క కోసం పోటీపడ్డ మిషన్లు ఉన్నాయి, ఆయన అనుమానానికి ఆధారం లేకపోలేదు. అయితే అజరయ్యను ఆ గాటన కట్టడం కుదరదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామంటే వద్దన్నవారిలో ఆయన ముందువరసలో ఉన్నాడు. సంఘం ఒక ఓటు బ్యాంకుగా, మరో కులంగా మారిపోతుందని ఆయన భయం.

ఉచితంగా దొరికే రక్షణ మనిషిని బరితెగించేలా చేయదా? ఆరు రోజులు పాపం, ఏడో రోజు క్షమాపణ అనే ఎగతాళి ఊరికే పుట్టలేదు. పౌలు కాలంలోనే ఎవరో ఈ ప్రశ్న అడిగారు, రోమీయులకు రాసిన పత్రికలో ఆయన దానికి ఘాటుగానే బదులిచ్చాడు. యాకోబు పత్రిక ఇంకా ముందుకు వెళ్లి క్రియలు లేని విశ్వాసాన్ని శవంతో పోల్చింది. సిద్ధాంతంలో జవాబు స్పష్టం: మంచి పని రక్షణకు వెల కాదు, రక్షణ నుంచి పుట్టే ఫలం. చరిత్రలో ఇది అంత శుభ్రంగా నడవలేదు. ఒంగోలు మిషన్‌లో చేరేవాళ్లను క్లౌ ఆదివారం పని మానాలని, చచ్చిన పశువు మాంసం తినకూడదని, విగ్రహాలకు మొక్కకూడదని అడిగేవాడు. డోర్నకల్‌లో బాప్తిస్మానికి ముందు విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు నేర్చుకోవాలి, కల్లు మానాలి. ఇవన్నీ అర్హతలు కావా అని అడిగితే, కొంతవరకు అవును. వెట్టిలో భాగంగా చచ్చిన గొడ్డును మోసుకుపోయే మనిషికి దాన్ని తినడం మానమనడం ఒక చేత్తో ఆత్మగౌరవం ఇవ్వడం, ఇంకో చేత్తో అతని ఆకలిని పాపం చేయడం. కృప పేరుతో వచ్చిన సంఘం ఊరి పెద్దల శుచి-అశుచి కొలబద్దను అరువు తెచ్చుకున్న చోటు ఇది. అయినా అదే క్రమశిక్షణ తాగుడు నుంచి, అప్పుల నుంచి కొన్ని వేల ఇళ్లను లేపిందన్నదీ నిజమే. ఈ రెంటినీ ఒకే తీర్పులో ఇరికించడం కష్టం.

ఈ సిద్ధాంతానికి అన్నిటికన్నా పెద్ద ఆక్షేపణ మాత్రం బయటివారిది కాదు, సంఘాల జీవితానిదే. బాప్తిస్మపు నీళ్లలో కులం కొట్టుకుపోలేదు. తెలుగు క్రైస్తవ పెళ్లి సంబంధాల ప్రకటనల్లో మాల క్రైస్తవులు, మాదిగ క్రైస్తవులు, రెడ్డి కథోలికులు వేర్వేరు గడులలో ఉంటారు. సంఘ ఎన్నికల్లో, సంస్థల పదవుల పంపకంలో మాల-మాదిగ లెక్కలు నడుస్తాయని చర్చి గేటు దాటిన ఎవరికైనా తెలుసు. కథోలిక సంఘంలో తెలుగు దళితుడొకరు, హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల అంతోని, కార్డినల్ కావడానికి 2022 దాకా పట్టింది. దేశంలో ఆ స్థానానికి చేరిన మొదటి దళితుడు ఆయనే. కాబట్టి కృపాసిద్ధాంతం విఫలమైందా? నేనలా అనుకోను. విఫలమైనది దాన్ని వ్యక్తిగత ఆత్మరక్షణకు కుదించిన బోధ. 'నీ పాపాలు క్షమించబడ్డాయా' అని అడిగి, 'నీ పక్కన ఎవరు కూర్చున్నారు' అని అడగని ప్రసంగం లూథర్ సగాన్ని తీసుకుని పౌలు సగాన్ని వదిలేసింది. సిద్ధాంతం తప్పని చెప్పాలంటే కులాన్ని అది సమర్థించాలి. ఇక్కడ జరిగింది అందుకు తలకిందులు. కులం పాటించే క్రైస్తవుణ్ని నిలదీయడానికి దొరికే పదునైన వాక్యాలు వాళ్ల బైబిల్లోనే, గలతీ పత్రికలోనే ఉన్నాయి.

రాజ్యాంగం గీసిన గీత కూడా ఈ లెక్కలో చేర్చాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. మతం మారిన దళితుడు తెలుగు రాష్ట్రాల్లో బి.సి.-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టుకోవాలి. బియ్యం కోసం మారారని వెక్కిరించే మాట ఈ ఉత్తర్వు ముందు తలకిందులవుతుంది. బాప్తిస్మం తీసుకుంటే పోయేదే ఎక్కువ. అందుకే ఆదివారం ప్రార్థనలో ఒక పేరు, ధ్రువీకరణ పత్రంలో ఇంకో పేరు ఉన్న కుటుంబాలు ఈ జిల్లాల్లో ఎన్నో. వాళ్లను అబద్ధమాడుతున్నారని తప్పుపట్టేవాళ్లు రాజ్యం పెట్టిన ఇరకాటాన్ని చూడరు. అర్హత లేకుండా దొరికిందని చెప్పుకునే కృపకు ఇంతకన్నా చేదైన ధర ఉంటుందా అని ఆ కుటుంబాలు అడిగితే జవాబు చెప్పడం ఏ వేదాంతికీ సులభం కాదు.

ఈమధ్య కాలంలో ఇంకో వైపు నుంచి కృపకు గండి పడుతోంది. దశమభాగం ఇస్తే దీవెన, ఉపవాస కూటానికి వస్తే వీసా, కానుక పెద్దదైతే స్వస్థత అని చెప్పే బోధ టీవీల్లోనూ యూట్యూబ్‌లోనూ జోరుగా ఉంది. ఇది మొక్కు తీర్చుకోవడానికి కొత్త పేరు. మొక్కులో కనీసం పని అయ్యాకే చెల్లింపు ఉంటుంది. అజరయ్య కూడా కానుక గురించి గట్టిగా బోధించాడు, దాని మీద పుస్తకమే రాశాడు. కూలి ఇళ్లలో వంటకు ముందు పిడికెడు బియ్యం తీసి పెట్టే అలవాటు మన సంఘాల్లో బలంగా ఉండేది. అక్కడ ఇచ్చేవాడు అప్పటికే పొందినవాడు, ఇక్కడ ఇచ్చేవాడు కొనుక్కుంటున్నాడు. 1517లో లూథర్ ఏ వ్యాపారం మీద లేచాడో అది మళ్లీ వచ్చిందంటే అతిశయోక్తి కాదు.

క్రీస్తు ద్వారానే రక్షణ అంటే మిగతావాళ్లందరి సంగతేమిటన్నది బహుమతాల ఊళ్లో తప్పించుకోలేని ప్రశ్న. దీనికి క్రైస్తవుల్లోనే రెండు రకాల జవాబులున్నాయి. పెంతెకొస్తు, బాప్టిస్టు బోధకుల్లో ఎక్కువమంది పేరెత్తి విశ్వసించాల్సిందే అంటారు. కథోలిక సంఘం రెండో వాటికన్ మహాసభలో, 1964 నాటి పత్రంలో, తమ తప్పు లేకుండా క్రీస్తును ఎరుగని వాళ్లు మనస్సాక్షిని అనుసరించి జీవిస్తే దేవుడి కృప వాళ్లనూ రక్షించగలదని చెప్పింది. అర్హత అడగని కృప అనేది నిజమైతే సరైన పేరు తెలియడం మాత్రం అర్హత ఎందుకవుతుందన్న వాదం నాకు ఈ రెండో జవాబులో ఎక్కువ పొంతనగా కనిపిస్తుంది. మొదటి పక్షం దీన్ని ఒప్పుకోదు, వాళ్ల దగ్గరా వాక్యాధారాలున్నాయి.

లూథరన్లూ కథోలికులూ విశ్వాసం, కృప విషయంలో తమ అసలు తగవు తీరిందని 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటన మీద సంతకం చేశారు. మెథడిస్టులు 2006లో, సంస్కరణవాద సంఘాలు 2017లో అందులో చేరాయి. రక్తం కారిన తగవు కాగితం మీద ముగిసింది. భోజనం బల్ల దగ్గర ముగియలేదు, లూథరన్లూ కథోలికులూ ఒకే సంస్కారంలో కలిసి పాల్గొనడానికి ఇప్పటికీ మామూలుగా అనుమతి లేదు. ఈ చీలికలు భారతదేశానికి అక్కర్లేని బరువని అజరయ్య 1919లోనే తరంగంబాడిలో ఇతర సంఘాల నాయకులతో కూర్చుని ఐక్యతా ప్రకటన రాయించాడు. దాని ఫలంగా 1947 సెప్టెంబరు 27న చెన్నపట్నంలో దక్షిణ భారత సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడింది. దాన్ని చూడకుండానే 1945 జనవరి 1న ఆయన చనిపోయాడు. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, కాంగ్రిగేషనలిస్టులు, ప్రెస్బిటేరియన్లు అందులో కలిశారు. తెలుగు లూథరన్లు, బాప్టిస్టులు బయటే ఉండిపోయారు. హనుమకొండ బాప్టిస్టు సంఘానికీ, 1952లో ఏర్పడ్డ వరంగల్ కథోలిక మేత్రాసనానికి కేంద్రమైన ఫాతిమానగర్‌కూ మధ్య ఆటోలో కొద్దిసేపటి ప్రయాణం. మాటల్లో ఒకే కృపను ప్రకటించే ఈ రెండు చోట్లా ఆదివారం రొట్టె విరుస్తారు. ఒకచోటి విశ్వాసి రెండోచోటికి వెళ్తే పాటల్లో గొంతు కలపవచ్చు, ప్రసంగం వినవచ్చు. సంస్కారం వడ్డించే వేళకు మాత్రం అతను తన చోటే కూర్చుని ఉండాలి.